మూడు గూడ్సు పెట్టెలు, మూడు రకాల మురికి

మే మొదటి వారం

బల్ల మీద మూడు మోడల్ గూడ్సు పెట్టెల బాడీలు ఉన్నాయి. ఒకటి పాత బాక్స్‌ఎన్, ఒకటి కొత్త రకం బాక్స్‌ఎన్‌హెచ్ఎల్, మూడోది సిమెంటు బస్తాలు మోసే బీసీఎన్. మొదటి రెండూ పైకప్పు లేని బొగ్గు పెట్టెలు, మూడోదానికి కప్పూ తలుపులూ ఉంటాయి. మూడూ రెజిన్‌లో 3డీ ప్రింట్ చేయించినవే. స్కేలు హెచ్ఓ, అంటే అసలు బండిలో 87వ వంతు. అసలు బాక్స్‌ఎన్ ఈ కప్లర్ (పెట్టెలను కలిపే కొక్కెం) నుంచి ఆ కప్లర్ దాకా 10,713 మిల్లీమీటర్లు ఉంటుంది. బల్ల మీద అది 123. వెడల్పు 3,200 ఉన్నది ఇక్కడ 37కి కాస్త తక్కువ. ఇట్లాంటివి 59 కడితే పూర్తి రేక్, అంటే ఒక గూడ్సు బండి, అవుతుంది, ఇంజను కాకుండానే ఏడు మీటర్లు దాటుతుంది. కడపలో మా ఇంటి హాలు ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచినా అంత రాదు. అందుకే మూడు పెట్టెలతో సరిపెట్టుకుని, వాటినే తీరిగ్గా చేద్దామనుకున్నాను.

గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, దాని సంగతి ముందే చెప్పేస్తాను. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, స్కేలు ప్రకారం అయితే 19.3 రావాలి. బజారులో దొరికే హెచ్ఓ పట్టాలు 16.5 మాత్రమే, ఎందుకంటే అవి 1,435 గేజు దేశాల కోసం చేసినవి. చక్రాలు కొంచెం లోపలికి నక్కినట్టు కనపడతాయి. దాన్ని సరిచేయాలంటే పట్టాల దగ్గర నుంచి అన్నీ సొంతంగా చేసుకోవాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లకు దండం. నా ఓపికంతా మురికి మీదే పెట్టదలచుకున్నాను.

అనుకున్నది ఇదీ: యర్రగుంట్ల, ముద్దనూరు మధ్య లైను మీద కనపడే బండ్లలా ఉండాలి. ఒక పక్క సిమెంటు ఫ్యాక్టరీలు, ఇంకో పక్క రాయలసీమ థర్మల్ పవర్ స్టేషనుకు వచ్చే బొగ్గు. ముంబై–చెన్నై దారి కాబట్టి రోజంతా గూడ్సులకు కొదవ లేదు. వెదరింగ్ (మోడల్‌కు మురికి, తుప్పు పట్టించడం) వీడియోల్లో చాలావరకు ఇంగ్లండు, అమెరికా బండ్లే ఉంటాయి. చెక్క పెట్టెలకు నాచు పట్టించడం, మంచు కరిగిన చారలు, అడుగు నుంచి పైదాకా నారింజరంగు తుప్పు. చూడటానికి బాగుంటాయి గానీ మన ఎండకు నాచు ఎక్కడిది?

అదే వారం, గేటు దగ్గర

యర్రగుంట్ల దగ్గర ఒక లెవెల్ క్రాసింగ్ గేటు పక్కన, ఇంకో రోజు రోడ్డు ఓవర్‌బ్రిడ్జి మీద నిలబడి బండ్లు చూశాను. సైడింగుల్లోకి, అంటే సరుకు ఎక్కించి దించే పక్క పట్టాల్లోకి, పోవడం తప్పు, ప్రమాదం కూడా. ఆ అవసరం కూడా లేదు. బల్ల దగ్గర రెండడుగుల దూరం నుంచి మోడల్‌ను చూడటమంటే, అసలు బండిని 53 మీటర్ల దూరం నుంచి చూడటమే. గేటు దగ్గర నుంచి ఏది కనపడదో అది మోడల్ మీదా అక్కర్లేదు. బోల్టు బోల్టుకూ తుప్పు చుక్క పెట్టే పని దీంతో తప్పిపోయింది.

చూసినదాంట్లో ముఖ్యమైన ముక్క ఒకటి. బయటివైపు నిజమైన తుప్పు తక్కువ, దుమ్ము ఎక్కువ. తుప్పు ఉన్నచోట గట్టిగా ఉంది: పై అంచు మీద, తలుపుల చుట్టూ, పక్క రేకు అడుగు చట్రాన్ని కలిసే గీత వెంట. మిగతా చోట్ల పెయింటు ఎండకు వెలిసి, దాని మీద పొడి పేరుకుని ఉంది. ఆ పొడి కూడా ఒకే రంగు కాదు. బొగ్గు బండి పైసగం నల్లగా, అడుగుసగం మట్టి రంగులో ఉంది. నలుపు అది మోసిన సరుకుది, మట్టి అది నడిచిన దారిది.

బ్రిడ్జి మీద నుంచి ఖాళీ పెట్టెల లోపల చూడొచ్చు. అసలు తుప్పంతా అక్కడ ఉంది. బొగ్గులో ఉండే గంధకం, తడి కలిస్తే ఆమ్లం పుడుతుంది, అది మైల్డ్ స్టీలును తినేస్తుంది. మళ్లీ ప్రతి లోడుకూ బొగ్గు ఒరుసుకుపోయి ఆ తుప్పు గీరుకుపోతుంది. అందుకే లోపల గోడలు నారింజరంగులో కాకుండా ముదురు గోధుమ రంగులో, అక్కడక్కడ నున్నగా ఉన్నాయి. వాన పడిన మర్నాడు మాత్రం కొత్త తుప్పు పచ్చిగా నారింజరంగులో లేచి ఉంటుంది.

మే రెండో వారం, మామ మాట

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. గుంతకల్లు డివిజన్‌లో ట్రైన్ ఎగ్జామినర్‌గా, అంటే బండ్లు తనిఖీ చేసే ఉద్యోగం, చేసి రిటైరయ్యారు. చుట్టరికం లేకపోయినా నాకు మామ, ఆయనకు నేను అల్లుణ్ణి. బాడీలు చూపిస్తే కళ్లద్దాలు పైకి తోసుకుని తిప్పి తిప్పి చూసి, "రంగు తర్వాత పుయ్యొచ్చులే అల్లుడూ. ముందు ఇది యాడ తిరిగిందో, షాపు నుంచి ఎప్పుడొచ్చిందో రాసుకో" అన్నారు.

దాని వెనుక లెక్క ఇదీ. బాక్స్‌ఎన్ రకం వ్యాగన్ కొత్తగా వచ్చాక ఆరేళ్లకు మొదటి పీఓహెచ్‌కు, అంటే పూర్తి ఓవర్‌హాలింగ్‌కు, వర్క్‌షాపుకు పోతుంది. ఆ తర్వాత నాలుగున్నరేళ్లకొకసారి. మధ్యలో పద్దెనిమిది నెలలకొకసారి ఆర్‌ఓహెచ్ అని చిన్న రిపేరు. పీఓహెచ్‌లో రేకులు మార్చి, కొత్త పెయింటు వేసి, ఏ షాపులో ఎప్పుడు చేశారో, మళ్లీ ఎప్పుడు రావాలో పక్కన స్టెన్సిల్ కొడతారు. విజయవాడ దగ్గర గుంటుపల్లి వర్క్‌షాపు నుంచి మొన్న బయటికి వచ్చినట్టు స్టెన్సిల్ ఉన్న పెట్టెకు పదేళ్ల తుప్పు పూస్తే, తెలిసినవాళ్లు పక్కున నవ్వుతారు. మురికి వయసూ, స్టెన్సిల్ మీది తారీఖూ కలవాలి.

"ఇంగోటి. నీ పెట్టె మన ఊరిది కాదు. ఏ జోన్ పేరున్నా దేశమంతా తిరుగుతాది. తాల్చేరు బొగ్గు ఒకసారి, హోస్పేట వైపు ఇనుపరాయి ఒకసారి. మన మట్టి ఆఖర్న పడ్తాది."

ఆయన మాటతో మూడింటికీ తలా ఒక చీటీ రాశాను. పాత బాక్స్‌ఎన్: 1994లో తయారైంది, మళ్లీ పీఓహెచ్‌కు దగ్గర పడింది, బొగ్గే ఎక్కువ మోసింది, మధ్యలో ఒక ట్రిప్పు ఇనుపరాయి. హెచ్ఎల్: కొత్తది, ఏడాది కూడా కాలేదు, బొగ్గు. బీసీఎన్: పీఓహెచ్ మధ్యలో ఉంది, సిమెంటు సైడింగులోనే ఎక్కువ రోజులు గడిపింది. ఏ పూత ఎప్పుడు పడాలో కూడా దీంతోనే తేలిపోయింది. ముందు వెలిసిన పెయింటు, దాని మీద తుప్పు, దాని మీద సరుకు పొడి, అన్నిటికన్నా పైన దారి దుమ్ము. అసలు బండికి ఏ వరసలో పట్టిందో మోడల్‌కూ అదే వరస.

మే చివర, సొట్టలు

ప్రింటు గీతలు పోవడానికి 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్లతో తడి రుద్దుడు. దీని గురించి రాయడానికేం లేదు, చేతులు నొప్పి పుడతాయి, అంతే.

సొట్టలే అసలు సరదా. వ్యాగన్ టిప్లర్ అంటే పెట్టెను పట్టాలతో సహా బిగించి పట్టుకుని పక్కకు దొర్లించి బొగ్గు కుమ్మరించే యంత్రం. దాని బిగింపులు పై అంచును నొక్కీ నొక్కీ వంకర తిప్పుతాయి. లోపలి బరువుకు పక్క రేకులు నిలువు పట్టీల మధ్య బయటికి ఉబ్బుతాయి. ప్రింటు బాడీ మాత్రం రూళ్లకర్రలా తిన్నగా ఉంటుంది. పాత బాక్స్‌ఎన్‌కు రెండు పట్టీల మధ్య లోపలివైపు కత్తితో గీకి పలచన చేశాను. హెయిర్ డ్రయ్యర్‌తో ఆ ఒక్కచోటే వేడి చేసి, చెంచా వెనుక భాగంతో లోపలి నుంచి మెల్లగా నొక్కాను. రెజిన్ కొంచెం సాగి, చల్లారాక అట్లాగే నిలిచింది. ముందు ఒక పనికిరాని ముక్క మీద చూసుకుని చేయాలి, ఎందుకంటే కొన్ని రెజిన్లు సాగవు, పటుక్కుమంటాయి. పక్కపక్క గళ్లన్నిటికీ ఒకే ఉబ్బు ఇవ్వకూడదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, ఒకటి అసలు లేకుండా.

పై అంచులో రెండు చోట్ల చిన్న ఆకురాయితో నొక్కు పెట్టాను. తలుపు పక్కన పాత చిల్లికి మాసిక వేసినట్టు పలచటి ప్లాస్టిక్ షీటు ముక్క అంటించాను. తలుపు గొళ్లెం పాడైనచోట కట్టుతీగతో చుట్టి వదిలేసిన పెట్టెలు గేటు దగ్గర చాలా కనపడ్డాయి. అసలు తీగ నాలుగు మిల్లీమీటర్లు అనుకుంటే స్కేలులో 0.05 కూడా రాదు. పాడైపోయిన ఇయర్‌ఫోన్ వైరు ఒలిస్తే లోపల వెంట్రుకలాంటి పోగులుంటాయి, అందులో ఒక్క పోగు తీసి గొళ్లానికి చుట్టి, చివరలు అట్లాగే పొడుచుకుని ఉండేలా వదిలేశాను. అది కనిపెట్టి మామ "ఈ తీగ మా వాళ్లే కట్టినట్టుండాదే" అన్నారు. నాకు అది చాలు.

జూన్, పెయింటు

కడపలో మే, జూన్ నెలల్లో ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే పరికరం) పట్టుకోవడమంటే పెద్ద టెన్షన్. నలభై దాటిన ఎండలో అక్రిలిక్ పెయింటు నాజిల్ నుంచి బాడీ దాకా చేరేలోపే గాల్లో ఆరిపోతుంది, ఉపరితలం మీద ఉప్మారవ్వ చల్లినట్టు గరుకుగా పడుతుంది. తెల్లవారుజామున, ఫ్యాను వేసుకోకుండా, మామూలు కన్నా పలచగా కలిపి, మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ ఒక్క చుక్క వేస్తే నిదానంగా ఆరింది. గ్లిజరిన్ ఎక్కువైతే మాత్రం రెండు రోజులైనా బంక వదలదు.

కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమరు. దాని మీద ఎర్ర గోధుమ రంగు. డబ్బాలో ఉన్న రంగు ఉన్నట్టు వేస్తే చిన్న బొమ్మ మీద మరీ చిక్కగా కనపడుతుంది, అందుకని కొంచెం తెలుపు, కొంచెం లేత మట్టిరంగు కలిపాను. పాత బాక్స్‌ఎన్‌కు ఒక్కో గడి ఒక్కో పలచదనంలో వచ్చేలా, మధ్యలో లేతగా, పట్టీల పక్కన ముదురుగా కొట్టాను. ఎండ నేరుగా తగిలే చోట పెయింటు పొడిబారి తెల్లబడుతుంది కదా. హెచ్ఎల్‌కు మాత్రం ఒకే రంగు, సమంగా.

జూన్ మధ్యలో, నంబర్లు

తెల్ల అక్షరాలు పెద్ద తలనొప్పి. ఇంట్లో ఉన్న ఇంక్‌జెట్ ప్రింటరు తెలుపు వేయలేదు. ఏడు రోడ్ల కూడలి వైపు ఒక స్టిక్కర్ల షాపులో యూవీ డీటీఎఫ్ మిషను ఉంది, అది తెల్లసిరాతో కొడుతుంది. ఫైలు తీసుకెళ్తే కుర్రాడు జూమ్ చేసి చూసి "అన్నా, ఈ అక్షరాలు చీమ కూడా చదవలేదు, ఎవురికోసమన్నా" అన్నాడు. కొట్టిచ్చాడు గానీ. ఆ స్టిక్కరు కొంచెం దళసరి, పక్క వెలుతురులో అంచు కనపడుతుంది. అంటించాక మ్యాట్ వార్నిష్ రెండు పూతలు వేసి, ఆరాక 2000 నంబరు పేపరుతో అంచుల మీద మాత్రమే తేలిగ్గా రుద్దితే చాలావరకు కలిసిపోయింది.

నంబరు ఊరికే నోటికొచ్చింది వేయకూడదు. మన వ్యాగన్ నంబరులో 11 అంకెలు. మొదటి రెండూ బండి రకం, తర్వాతి రెండూ సొంతదారు రైల్వే, ఆపై రెండూ తయారైన సంవత్సరం, ఆ తర్వాత నాలుగు అంకెల వరుస సంఖ్య, చివరిది సరిచూసే అంకె. ఆ చివరి అంకెకు ఒక లెక్క ఉంది. నా పెట్టెకు 1006940427 అని పది అంకెలు అనుకున్నాను. సరి స్థానాల్లో ఉన్నవి 0, 6, 4, 4, 7, కూడితే 21, మూడుతో గుణిస్తే 63. బేసి స్థానాల్లో 1, 0, 9, 0, 2, కూడితే 12. మొత్తం 75. దాని పైన పదితో భాగించబడే సంఖ్య 80. తేడా 5. కాబట్టి పూర్తి నంబరు 10069404275. యార్డులో ఎవరైనా ఒక అంకె తప్పు రాసుకుంటే కంప్యూటరు వెంటనే పట్టేయడానికి ఈ ఏర్పాటు. రెండడుగుల దూరం నుంచి ఎవరికీ కనపడదు, నేనే పెట్టుకున్న 53 మీటర్ల నియమానికి ఇది విరుద్ధం. అయినా ఈ ఒక్కటీ వదలబుద్ధి కాలేదు.

పాత బాక్స్‌ఎన్ పక్కన ఖాళీ బరువు 22.47 టన్నులు. హెచ్ఎల్ 20.6 టన్నులే, అయినా ఎక్కువ మోస్తుంది, ఇరుసుకు 22.9 టన్నుల దాకా. స్టెయిన్‌లెస్ స్టీలు మహిమ. ఆ అంకెలు తారుమారు కాకుండా చూసుకోవాలి.

జూన్ చివర నుంచి జులై, పాత బాక్స్‌ఎన్

ఎక్కువ రోజులు తిన్నది ఇదే. వార్నిష్ పూత ఆరాక, ముందు పై అంచు. అలంకరణ సామాన్ల షాపులో దొరికే మేకప్ స్పాంజి చిన్న ముక్క తుంచి, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) రంగులో ముంచి, కాగితం మీద అద్ది దాదాపు పొడిగా చేసి, అంచు వెంట అక్కడక్కడ తాకించాలి. బ్రష్షుతో అయితే చుక్కలన్నీ ఒకే సైజులో వస్తాయి, స్పాంజి అయితే పెయింటు పెచ్చులూడినట్టు అడ్డదిడ్డంగా వస్తాయి. టిప్లర్ బిగింపు పడే చోట్ల మాత్రం 2బీ పెన్సిల్ ములుకును కాగితం మీద రుద్ది, ఆ పొడిని వేలితో అంచుకు రాశాను. లోహం ఒరుసుకుని మెరిసినట్టు వస్తుంది. ముదురు తుప్పు పక్కనే ఈ సన్నటి మెరుపు పడగానే ప్లాస్టిక్ బొమ్మ కాస్తా ఇనుములా కనపడటం మొదలవుతుంది.

చారలకు ఆయిల్ పెయింటు. కింది అక్రిలిక్ పూతను ఆయిల్ రంగు, టర్పెంటైన్ కరిగించవు, నచ్చకపోతే తుడిచేసుకోవచ్చు, అదే దీని సుఖం. తలుపు సందు కింద సూది మొనంత బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ) చుక్క, దాని పక్కన నలుపు చుక్క. చదునైన బ్రష్షును టర్పెంటైన్‌లో ముంచి, గుడ్డకు తుడిచి, చుక్క మీద నుంచి కిందికి ఒక్క లాగు. మళ్లీ తుడిచి ఇంకో లాగు. పైన చిక్కగా, కిందికి పోనుపోను పలచబడి మాయమవ్వాలి. చారకు మొదలు ఉండాలి. సందు, అతుకు, నొక్కు ఏదో ఒకటి లేని చోట గాల్లోంచి చార మొదలైతే కన్ను వెంటనే పట్టేస్తుంది. మా ఎండకు టర్పెంటైన్ గబగబా ఎగిరిపోతుంది కాబట్టి ఒక్కో గడే చేసుకుంటూ పోయాను.

లోపలివైపు వేరే కథ. మొత్తం ముదురు గోధుమ, దాని మీద స్పాంజితో సియన్నా మచ్చలు, కింది మూడో వంతు గ్రాఫైటు పొడితో నునుపు. నారింజరంగు కోసం దుకాణాల్లో అమ్మే పిగ్మెంటు కొనలేదు. ఇంట్లో జాజు ఉంది, గడపలకూ అరుగులకూ పూసే ఎర్రమన్ను. అందులో రంగు ఇచ్చేది ఐరన్ ఆక్సైడే, తుప్పులోనూ అదే. జాజును రోట్లో నూరి, పాత వాయిల్ చీర ముక్కలో వస్త్రగాళితం పట్టాను. అట్లా పట్టకపోతే ఒక్కో రేణువు 87 రెట్లు పెద్దదై గులకరాయిలా కనపడుతుంది. ఆ మెత్తటి పొడిని మూలల్లో, అతుకుల వెంట మాత్రమే పొడి బ్రష్షుతో అద్దాను. నిలవడానికి ఐసోప్రొపైల్ స్పిరిటు డ్రాపరుతో పక్కన ఒక్కో చుక్క వదిలితే అదే పాకుతుంది. బ్రష్షుతో రుద్దితే స్పిరిటు కింది అక్రిలిక్‌ను లేపేస్తుంది. స్పిరిటు ఆరాక రంగు సగం తేలిపోయినట్టు అనిపిస్తుంది, అందుకని మొదట అవసరమనిపించిన దానికన్నా కొంచెం ఎక్కువే వేయాలి.

ఇనుపరాయి ట్రిప్పు గుర్తుగా బయట నిలువు పట్టీల అడుగున, దుమ్ము నిలిచే గట్ల మీద, జాజులో రవ్వంత నలుపు కలిపి పెట్టాను. దాని మీద బొగ్గు పొడి పడింది కాబట్టి ఎరుపు తొంగిచూస్తుందంతే.

హెచ్ఎల్ గురించి నాలుగు ముక్కలే. కొత్తది, పెద్దగా చేయడానికి లేదు. బయట పై అంచు కింద నల్లటి పొడి పొర, అడుగున మట్టి పొర, పక్కన పెట్టి చూస్తే పాతది మరింత పాతగా కనపడటానికి ఇది ఉపయోగం. లోపల స్టెయిన్‌లెస్ కాబట్టి పొరలుపొరలుగా తినేసిన తుప్పు ఉండకూడదు. బూడిద రంగు మీద బొగ్గు గీకిన గీతలు, లేత గోధుమ మరక అక్కడక్కడ.

జులై, తొలకరి తర్వాత

బీసీఎన్ కోసం వాన దాకా ఆగడం మంచిదైంది. పొడి రోజుల్లో సిమెంటు బండి ఊరికే తెల్లబూడిద రంగులో ఉంటుంది. వాన పడ్డాక దాని సంగతి బయటపడింది. కప్పు మీది సిమెంటు దుమ్ము తడిసి, పక్కలకు కారి, అక్కడే గడ్డకట్టింది. సిమెంటు కదా, మట్టిలా తర్వాతి వానకు కడుక్కుపోదు. దాని మీద మళ్లీ కొత్త దుమ్ము. తలుపు అడుగు గట్టు మీద చిందిన సిమెంటు పిడచలుగా బిగుసుకుపోయి ఉంది. అంటే ఒకే సరుకు మూడు రూపాల్లో ఉంది: గట్టిపడిన చార, పలచటి పొర, చేత్తో తుడిస్తే వచ్చే పొడి. మూడింటినీ ఒకే పద్ధతిలో చేస్తే కుదరదు.

రంగు కలపడంలో చిన్న కిటుకు. తెలుపు, నలుపు కలిపితే వచ్చే బూడిద నీలంగా కొడుతుంది. ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) సూది మొనంత కలిపితేనే సిమెంటు అవుతుంది. గట్టి చారలకు ఈ రంగులో టాల్కమ్ పౌడరు కలిపి చిక్కగా చేసి, సన్న బ్రష్షుతో కప్పు అంచు నుంచి కిందికి దింపాను. వేలితో తడిమితే తగిలేలా కొంచెం ఎత్తుగా. గట్టు మీది పిడచలకూ అదే ముద్ద, ఇంకా చిక్కగా. పొరకు ఎయిర్‌బ్రష్, బాగా పలచగా, కప్పు మీద ఎక్కువ. పొడికి నాపరాయి దుమ్ము. యర్రగుంట్ల చుట్టుపక్కల బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్ల బయట ఎండిపోయిన బురద పొడి ఉంటుంది, అడిగితే సంచి నింపుకుపొమ్మన్నారు. ఫ్యాక్టరీల్లో సిమెంటుకు ముడిసరుకు సున్నపురాయే, నాపరాయీ ఆ జాతిదే, కాబట్టి రంగులో పెద్ద తేడా రాలేదు. అసలు సిమెంటే వాడొచ్చు కదా అని మా తమ్ముడు అడిగాడు. తడి బ్రష్షు పొరపాటున తగిలితే గడ్డకడుతుంది, ముక్కులోకి పోతే మంచిది కాదు. నాపరాయి దుమ్ముకైనా మాస్కు పెట్టుకునే చేశాను.

గేటు దగ్గర ఆగిన ఒక సిమెంటు రేక్‌లో ఇంకోటి గమనించాను. తలుపు పక్క నిలువు పట్టీ మీద, మనిషి భుజం ఎత్తున, దుమ్ము లేదు. పెయింటు కూడా అరిగి నున్నగా ఉంది. హమాలీలు బస్తా భుజాన వేసుకుని లోపలికి తిరిగేటప్పుడు ఆనుకునే చోటు అయ్యుండాలి. స్కేలులో అది గట్టు నుంచి పదిహేను మిల్లీమీటర్ల ఎత్తు. తడి ఇయర్‌బడ్‌తో అక్కడ మాత్రం పొడి తుడిచి, పెన్సిల్ గ్రాఫైటు తాకించాను. మూడు పెట్టెల్లో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

ఆగస్టు, కింది భాగం

బాడీ ఎంత చేసినా కింద నల్లటి ప్లాస్టిక్ మెరుస్తుంటే అంతా వృథా. బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, దాని కింద చక్రాలుండే చట్రం. కాస్నబ్ రకం బోగీ ఫ్రేములు పోత ఉక్కువి, వాటి మధ్య స్ప్రింగుల గుంపు ఉంటుంది. మొత్తానికి ముదురు గోధుమ-బూడిద పూత వేసి, స్ప్రింగుల సందుల్లోకి నల్లటి ఆయిల్ వాష్ (బాగా పలచన చేసిన ఆయిల్ రంగు) దింపి, ఎత్తైన అంచులకు లేత మట్టిరంగుతో పొడి బ్రష్షు లాగాను. బ్రేకు బ్లాకుల అరుగుదల పొడి చక్రాల చుట్టూ పేరుకుంటుంది, అది తుప్పు ఎరుపు కాదు, మసి కలిసిన గోధుమ. ఇరుసు చివర బేరింగు మూత దగ్గర గ్రీజు చెమ్మ కోసం మెరిసే వార్నిష్‌లో నలుపు కలిపి ఒక్క చుక్క. చక్రం పట్టాను తాకే చోట రంగు పడనివ్వకూడదు. అసలు బండికి అక్కడ అద్దంలా మెరుపు ఉంటుంది, మోడల్ సాఫీగా దొర్లడానికీ అదే కావాలి.

చివరి పూత మూడింటికీ ఒకటే. రైల్వే కట్ట పక్కన మట్టి తెచ్చి, ఎండబెట్టి, వస్త్రగాళితం పట్టి, ఆ రంగును చూసి అక్రిలిక్ కలిపి, అడుగు నుంచి పైకి ఎయిర్‌బ్రష్‌తో ఒక పొర. మూడు పెట్టెలూ ఒకే రేక్‌లోవి కాకపోయినా ఒకే దారిలో నడిచాయన్న లెక్క దీంతో కుదిరింది.

పాత బాక్స్‌ఎన్ ఖాళీగా ఉంచాను, అంత కష్టపడి చేసిన లోపలి భాగం బొగ్గుతో కప్పేస్తానా! లోడు హెచ్ఎల్‌కు. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు తెచ్చి, దంచి, టీ వడపోత గిన్నెతో జల్లించాను. అసలు బొగ్గు పెళ్ల 100 మిల్లీమీటర్లు అనుకుంటే ఇక్కడ ఒక మిల్లీమీటరు పైచిలుకు. కట్టెబొగ్గుకు రాక్షసిబొగ్గు మెరుపు ఉండదు, అందుకని కొంచెం గ్రాఫైటు పొడి కలిపాను. లోడరుతో పోసిన బొగ్గు కుప్పలుగా ఉంటుంది, సైలో (బొగ్గు నిల్వ గోపురం) కింద నింపినదైతే దాదాపు చదునుగా. నేను కుప్పలే ఎంచుకున్నాను. థర్మోకోల్ దిమ్మె మీద పలచటి ఫెవికాల్, అందులో గిన్నెల లిక్విడ్ ఒక చుక్క, దాని మీద బొగ్గు.

బరువు కూడా చూడాలి. బాక్స్‌ఎన్ పొడవున్న హెచ్ఓ వ్యాగన్‌కు అమెరికా మోడలర్ల సంఘం ఎన్ఎంఆర్ఏ చెప్పే కొలత ప్రకారం సుమారు 90 గ్రాములు రావాలి. రెజిన్ బాడీ అందులో సగం కూడా లేదు. టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కు అంటించే 5 గ్రాముల, 10 గ్రాముల బిళ్లలు తెచ్చాను. లోడు పెట్టెకు బొగ్గు కింద, బీసీఎన్‌కు లోపల నేల మీద, ఖాళీ పెట్టెకు మాత్రం అడుగు చట్రంలో కనపడకుండా ఇరికించాల్సి వచ్చింది, అది 70 గ్రాముల దగ్గరే ఆగిపోయింది. మిగతా రెండింటి వెనుక తోకగా కడితే ఇబ్బంది లేదు, మధ్యలో పెడితేనే వంపుల్లో పట్టాలు తప్పుతుంది.

ఆఖరున, తనిఖీ చేసినవాళ్లు పెట్టె పక్కన రాసే సుద్ద రాతలు. మామను పిలిచి తెల్ల కలర్ పెన్సిల్ సన్నగా చెక్కి ఇచ్చాను. భూతద్దం కింద పెట్టుకుని, చెయ్యి వణుకుతున్నా, బీసీఎన్ తలుపు పక్కన తారీఖూ, తన పాత పొడి సంతకమూ గీశారు. పాత బాక్స్‌ఎన్ మీద ఏమీ రాయనన్నారు. "ఇది ఖాళీగా పోతాండాది, దీంతో మనకేం పని లేదు" అన్నారు.

ఇంకా మిగిలినవి: కప్లర్లకు పెయింటు వేస్తే బిగుసుకుపోతాయి కాబట్టి గ్రాఫైటు పొడితోనే సరిపెట్టాలి, బీసీఎన్‌కు ఒక బోగీ వంపులో అడుగు చట్రానికి తగులుతోంది, అక్కడ అర మిల్లీమీటరు ఆకురాయి పట్టాలి. బ్రేకు వ్యాన్ బాడీ ప్రింటుకు ఇచ్చాను. గార్డు నిలబడే వరండా కమ్మీ చేతులు పట్టుకునే చోట ఎట్లా అరుగుతుందో ప్లాట్‌ఫారం చివర నుంచి చూడాలి.